రచ్చ గెలిచొచ్చిన లార్సన్‌కి ఏ బెంచీ మేలు?

స్వీడన్ ఫుట్‌బాల్ మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు: "హెన్రిక్ లార్సన్ అంత గొప్ప ఆటగాడు కదా, కోచ్‌గా ఎందుకు వెలగలేదు?" ఈమధ్య అది కాస్త రూపం మార్చుకుంది. రిటైరైన స్ట్రైకర్ సొంతూరి క్లబ్బుకి హెడ్ కోచ్‌గా వెళ్లడం మేలా, పెద్ద క్లబ్బులో ఒకరి కింద అసిస్టెంట్‌గా ఉండడం మేలా, లేక జీతం లేకుండా చిన్న జట్టుతో తిరగడం మేలా అని అడుగుతున్నారు. లార్సన్ ఈ మూడూ చేశాడు కాబట్టి అతన్నే పెట్టుకుని చూద్దాం. స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్‌కి కొట్టిన 242 గోల్స్, యూరప్ లీగుల టాప్ స్కోరర్‌కి ఇచ్చే గోల్డెన్ షూ 2001లో అందుకోవడం, సెవిల్‌లో పోర్టో మీద ఓడిన యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ మీకు తెలిసినవే. మళ్లీ ఏకరువు పెట్టను.

ముందు జీతం లేని పని సంగతి. లార్సన్ సొంతూరు హెల్సింగ్‌బోర్గ్ నగరంలోనే హోగాబోర్గ్ అనే చిన్న క్లబ్బు ఉంది. లార్సన్ చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది అక్కడే. స్వీడన్‌లో ఇలాంటి క్లబ్బుల్ని చాలావరకు పిల్లల తల్లిదండ్రులే నడుపుతారు. కోచింగ్ వాళ్లదే, కాఫీ అమ్మేది వాళ్లే, పక్క ఊళ్లో మ్యాచ్ ఉంటే పిల్లల్ని కార్లో ఎక్కించుకుని పోయేదీ వాళ్లే. 2013లో ఆ జట్టులో గాయాల వల్ల మనుషులు తక్కువైతే 41 ఏళ్ల లార్సన్ బూట్లు కట్టుకుని సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. అదే జట్టులో కొడుకు జోర్డన్ ఆడుతున్నాడు. బార్సిలోనాకి చాంపియన్స్ లీగ్ గెలిపించిన కాళ్లు కింది డివిజన్ మైదానంలో, పక్కన కన్నకొడుకు! ఆ మ్యాచ్ స్కోరు ఎంతో మీలో ఎవరికైనా గుర్తుందా? నాకూ గుర్తులేదు. ఈ పనిలో ఉన్న సుఖమే అది. ఓడితే ఓడారు, సోమవారం అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్తారు.

లాండ్స్‌క్రోనా క్లబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఆట మానేసిన వెంటనే, 2010 నుంచి 2012 దాకా రెండో డివిజన్‌లో మూడు సీజన్లు కోచింగ్ చేశాడు. జట్టు పైకి రాలేదు, అతను వచ్చేశాడు. పని నేర్చుకున్న చోటు, అంతే.

ఇక అసలు సంగతి ఊరి పేరే పెట్టుకున్న పెద్ద క్లబ్బు, హెల్సింగ్‌బోర్గ్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. లార్సన్ ఆ వరస తప్పలేదు. 1968లో కింది డివిజన్‌కి పడిపోయిన హెల్సింగ్‌బోర్గ్ ఇరవై నాలుగేళ్లపాటు పైకి రాలేకపోయింది. 1992లో హోగాబోర్గ్ నుంచి వచ్చిన ఈ కుర్రాడు గోల్స్ వరద పారించి దాన్ని ఆల్‌స్వెన్‌స్కాన్‌కి, అంటే అక్కడి మొదటి డివిజన్‌కి ఎక్కించాడు. తర్వాత రాటర్‌డామ్, గ్లాస్గో, బార్సిలోనా. రచ్చ కూడా గెలిచి ఇంటికొచ్చాడు. 2015లో అదే క్లబ్బుకి హెడ్ కోచ్ అయ్యాడు. 2016 నవంబర్లో హాల్మ్‌స్టాడ్‌తో ప్లేఆఫ్ రెండో మ్యాచ్, ఓడితే మళ్లీ కింది డివిజన్‌కే. అప్పటికి హెల్సింగ్‌బోర్గ్ మొదటి డివిజన్‌లో ఉండబట్టి ఇరవై నాలుగు సీజన్లు. కావాలని రాసినా అంకెలు ఇంత కచ్చితంగా కుదరవు.

హెల్సింగ్‌బోర్గ్ సొంత మైదానం ఒలింపియా స్టేడియంలో ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా గోల్ కొట్టింది ఎవరో కాదు, జోర్డన్. జట్టు నిలిచిపోయినట్టే అనుకున్నారు. చివరి నిమిషాల్లో హాల్మ్‌స్టాడ్ రెండు గోల్స్ వేసింది. అయిపోయింది. విజిల్ మోగాక ముఖాలకి ముసుగులేసుకున్న కొందరు మైదానంలోకి ఉరికి జోర్డన్ మీద పడ్డారు, ఒంటి మీది జెర్సీ లాగేశారు. ఆ రోజు క్లబ్బు తరఫున గోల్ కొట్టిన కుర్రాడి మీద! తండ్రి కోచ్ కాకపోతే అతని దాకా వచ్చేవాళ్లా? నాకు అనుమానమే.

ఇంత జరిగాక కూడా 2019లో క్లబ్బు పిలిస్తే లార్సన్ మళ్లీ వెళ్లాడు. వేసవి దాటకముందే రాజీనామా. తననీ కుటుంబాన్నీ తిడుతున్నారన్నదే కారణం. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అంటాం కదా. ఇక్కడ అంతకన్నా అన్యాయం. వైద్యం పారకపోతే చెట్టు కొమ్మలు కూడా విరిచారు.

అందుకే నా లెక్కలో ట్యాక్టిక్స్, లైసెన్సులు, బడ్జెట్ అన్నీ తర్వాత. మొదట చూడాల్సింది ఒక్కటే: జట్టు ఓడితే ఆ కోపం ఎంత దూరం వస్తుంది? స్టేడియం గేటు దగ్గర ఆగుతుందా, ఇంటి గుమ్మం దాకా వస్తుందా? స్ట్రైకర్‌కి ఈ బాధ ఇంకా ఎక్కువ. డిఫెండర్ తప్పుల్ని జనం గుర్తుంచుకుంటారు, స్ట్రైకర్ గోల్స్‌ని గుర్తుంచుకుంటారు. కోచ్‌గా వచ్చినా అతని దగ్గర్నుంచి ఆ గోల్సే ఆశిస్తారు. బెంచీ మీద కూర్చుని గోల్ ఎలా కొడతాడు?

ఈ లెక్కన బార్సిలోనా ఉద్యోగం తేలిగ్గా కనిపిస్తుంది. 2020లో అక్కడి హెడ్ కోచ్ రోనాల్డ్ కూమన్ కింద అసిస్టెంట్‌గా చేరాడు. మరుసటి ఏడు స్పెయిన్ కప్పు కోపా డెల్ రే ఫైనల్లో అథ్లెటిక్ బిల్బావో మీద 4-0తో గెలిచారు. ఆ వేసవిలో మెస్సీ వెళ్లిపోయాడు, అక్టోబర్‌కల్లా అంతా కూలింది. రియల్ మాడ్రిడ్‌తో ఆడే ఎల్ క్లాసికో ఓడాక అభిమానులు స్టేడియం బయట కారుని చుట్టుముట్టారు. అది కూమన్ కారు. కొద్దిరోజులకే కూమన్‌ని తీసేశారు, లార్సన్ కూడా బయటికి వచ్చేశాడు. ఓటమిలో వాటా ఉంది గానీ ఎక్కువ భాగం పక్కవాడి నెత్తిన పడింది.

నిజానికి ఆ క్లబ్బుకి అతని గొప్ప మేలు కూడా అలాంటిదే. 2006లో పారిస్‌లో చాంపియన్స్ లీగ్ ఫైనల్, మనకి అర్ధరాత్రి దాటాక వచ్చింది. ఆర్సెనల్ 1-0తో ముందుంది. గంట ఆట అయ్యాక లార్సన్ దిగాడు. ముందు చిన్న టచ్‌తో ఎటోకి, తర్వాత పాస్‌తో బెల్లెట్టికి. రెండూ గోల్సే, రెండిట్లోనూ స్కోరర్ పేరు వేరేవాళ్లది. పక్కనుండి అందించడం అతనికి వచ్చిన విద్యే. కాకపోతే అసిస్టెంట్‌కి సొంత పదకొండు మందిని ఎంచుకునే భాగ్యం ఉండదు. ఏడాది గడిచాక వెనక్కి చూసుకుంటే ఇది నా జట్టు అని చెప్పుకోలేడు.

మరి నా ఓటు? ఎవరూ పెద్దగా పట్టించుకోని 2014 సీజన్‌కి. ఆట్రాన్ నది సముద్రంలో కలిసే చోట ఫాల్కెన్‌బర్గ్ అనే చిన్న ఊరుంది, సాల్మన్ చేపలకి పేరు. ఆ ఊరి క్లబ్బు చరిత్రలో మొదటిసారి ఆల్‌స్వెన్‌స్కాన్‌కి వచ్చిన ఏడాది లార్సన్ కోచ్. పడిపోకుండా నిలబెట్టాడు. సొంతూరు కాదు, జనానికి పాత గోల్స్ లెక్క లేదు, పదకొండు మందిని తనే ఎంచుకున్నాడు. ఒక్క సీజన్ చేసి హెల్సింగ్‌బోర్గ్ పిలవగానే వెళ్లిపోయాడు. ఇంకో రెండేళ్లు ఉండాల్సింది.

కోచింగే వద్దనుకునే దారులు కూడా అడిగారు. స్వీడన్ స్ట్రైకర్ జ్లాటన్ ఇబ్రహిమోవిచ్ స్టాక్‌హోమ్ క్లబ్బు హమ్మర్‌బీలో వాటా కొంటే, సొంతూరు మాల్మోలో అతని విగ్రహం ముక్కు కోసి, చివరికి కూల్చేశారు. కాబట్టి డబ్బు పెట్టినా తప్పదు. ఇంకో స్వీడన్ ఆటగాడు తోమస్ బ్రోలిన్ వాక్యూమ్ క్లీనర్ సామాన్ల వ్యాపారంలోకి దిగాడు, హాయిగా ఉన్నాడు.

హెల్సింగ్‌బోర్గ్ మూడోసారి పిలిస్తే లార్సన్ వెళ్లాలా అని ఒకరు అడిగారు. ఊరికి వెళ్లమనే చెప్తాను, కానీ హోగాబోర్గ్ మైదానం దాకానే.