పవర్ బటన్ నొక్కితే ఏం జరగాలి? స్లీపా, హైబర్నేటా, షట్‌డౌనా?

మా డెస్క్‌టాప్ సీపీయూ బల్ల కింద నేల మీదే ఉంటుంది. దాని ముందువైపు నీలంగా వెలిగే గుండ్రటి పవర్ బటన్. మా అక్క కొడుక్కి నడక వచ్చిన దగ్గర్నుంచి వాడి చూపంతా ఆ వెలుగు మీదే. పోయిన వేసవి సెలవుల్లో రోజుకు రెండుసార్లకు తక్కువ కాకుండా నొక్కాడు. ఆ నెలలోనే ఆ బటన్‌కున్న సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూశాను.

ముందు ఒక అపోహ తీసేయాలి. బటన్ నొక్కగానే కరెంటు తెగిపోతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు నిజమే. తొంభైల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది: విండోస్ 95ను షట్‌డౌన్ చేస్తే, ఇక ఆపేసుకోవచ్చని నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలు వచ్చేవి, అప్పుడు మనమే టక్కున స్విచ్ ఆపేవాళ్లం. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ అనే మదర్‌బోర్డు, పవర్ సప్లై పద్ధతి, మరుసటి ఏడు వచ్చిన ఏసీపీఐ అనే కరెంటు వాడకం ప్రమాణం కలిసి ఆ స్విచ్‌ను కాలింగ్ బెల్‌గా మార్చేశాయి. మనం బెల్ కొడతాం, ఏం చేయాలో లోపలున్న విండోస్ చూసుకుంటుంది. నాలుగు సెకన్లు అదిమి పట్టుకుంటే మాత్రం ఎవరినీ అడిగేది లేదు, కరెంటు కట్. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకోవాలి. ఫైళ్లు పాడయ్యే భయం ఆ అదిమి పట్టడంలో ఉంది, మామూలుగా నొక్కడంలో కాదు.

డెస్క్‌టాప్‌లో సాధారణంగా ముందే ఉండేది షట్‌డౌన్. పిల్లాడు నొక్కితే స్టార్ట్ మెనూలోంచి మనం షట్‌డౌన్ చేసినట్టే. సేవ్ చేయని వర్డ్ ఫైలుంటే విండోస్ ఆగి అడుగుతుంది కూడా. కానీ మనం పక్క గదిలో ఉంటే ఆ ప్రశ్న ఎవరు చూస్తారు? తెరిచి పెట్టుకున్న ఇరవై ట్యాబులు, సగం రాసిన ఎక్సెల్, అన్నీ మళ్లీ మొదటినుంచి సర్దుకోవాలి. పైగా విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కూడా పూర్తి షట్‌డౌన్ కాదు. విండోస్ గుండెకాయలాంటి కెర్నల్‌ను డిస్క్‌లో దాచి, తర్వాత అక్కడినుంచే లేపుతుంది. అందుకే మొరాయించే కంప్యూటర్‌ను ఆపి ఆన్ చేసినా ఒక్కోసారి బాగుపడదు, రీస్టార్ట్ కొడితే దారికొస్తుంది.

స్లీప్ హాయిగా ఉంటుంది. రెండు సెకన్లలో లేస్తుంది, మన పని ఎక్కడిదక్కడే. కరెంటు ఖర్చు కూడా లెక్కలోది కాదు: మూడు వాట్లు అనుకుంటే నెలంతా కలిపి రెండు యూనిట్లు. చిక్కల్లా మన ఇళ్ల అలవాటుతోనే. స్లీప్‌లో పనంతా ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది, ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉండాలి. మా అమ్మ పడుకునే ముందు స్విచ్ బోర్డులన్నీ ఆపుకుంటూ వస్తుంది. టీవీది, మిక్సీది, ఆ వరసలోనే కంప్యూటర్‌ది. బోర్డు ఆపగానే ర్యామ్‌లోది గాలికి పోయినట్టే. కరెంటు పోయి అపార్ట్‌మెంట్ జనరేటర్ అందుకునే ఆ పది సెకన్లు చాలు, యూపీఎస్ లేకపోతే అదే గతి. దీనికి విరుగుడుగా డెస్క్‌టాప్‌లలో హైబ్రిడ్ స్లీప్ అని ఒకటుంది. పడుకునేటప్పుడే డిస్క్‌లోనూ ఒక కాపీ రాసి పెడుతుంది. మీ యంత్రంలో ఉంటే స్లీప్‌ను నిశ్చింతగా వాడుకోండి. కొత్త యంత్రాలు చాలావాటిలో అది కనిపించదు.

నా ఓటు హైబర్నేట్‌కే. ర్యామ్‌లోదంతా డిస్క్ మీద రాసేసి పూర్తిగా ఆగిపోతుంది, లైటు కూడా ఆరిపోతుంది. ఇది చిన్న విషయం కాదు. స్లీప్‌లో మిణుకుమిణుకుమంటున్న లైటును చూసి 'దీన్ని కట్టేయొచ్చా?' అని అమ్మ రోజూ అడిగేది. ఇప్పుడు లైటు ఆరిందా, బోర్డు ఆపేస్తుంది. పిల్లాడు నొక్కినా పోయేదేం లేదు, మళ్లీ నొక్కితే ఇరవై సెకన్లలో అన్నీ వదిలిన చోటే ఉంటాయి. పాత హార్డ్ డిస్క్ అయితే నిమిషం పట్టొచ్చు.

దీనిమీద వినిపించే ఫిర్యాదులు రెండు. ఒకటి చోటు. విండోస్ 10, 11లలో హైబర్నేట్ కోసం డిస్క్‌లో ఉంచే ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, అంటే 16 జీబీ ర్యామ్‌కు ఆరున్నర జీబీ దాకా. సీ డ్రైవ్ ఇప్పటికే నిండిపోయి ఉంటే ఇబ్బందే. రెండోది, రోజూ అంత రాస్తే ఎస్ఎస్‌డీ అరిగిపోదా అని. రోజుకు మూడు జీబీ రాసినా ఏడాదికి 1.1 టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ). 500 జీబీ ఎస్ఎస్‌డీలు చాలావాటికి 150 నుంచి 300 టీబీ దాకా రాయొచ్చని తయారీదార్లే చెబుతారు. మీరే లెక్కేసుకోండి.

ల్యాప్‌టాప్ కథ వేరు. బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు కోత బాధ లేదు. మూత మూస్తే స్లీప్ ఉంచి, బటన్‌కు మాత్రం హైబర్నేట్ పెట్టుకోండి. మోడర్న్ స్టాండ్‌బై అనే కొత్త రకం స్లీప్‌లో యంత్రం మధ్యమధ్యలో మేలుకుంటుంది, సంచిలో పెట్టి బస్సెక్కితే దిగేసరికి వేడెక్కి ఉండొచ్చు. ప్రయాణానికి ముందు బటన్ నొక్కితే ఆ బెడద ఉండదు. పవర్ బటన్ కీబోర్డులోనే, డిలీట్ కీ పక్కన ఉన్న ల్యాప్‌టాప్ అయితే 'డూ నథింగ్' పెట్టుకోవడం మేలు. ఒత్తు తప్పు పడ్డ ప్రతిసారీ డిలీట్ కోసం వెళ్లే వేలు ఏదో ఒకరోజు దాన్ని నొక్కి తీరుతుంది. ఆన్ చేయడానికి ఆ బటన్ ఎప్పటిలాగే పనిచేస్తుంది, అదిమి పట్టే దారీ ఉంటుంది. నలుగురు వాడే ఆఫీసు కంప్యూటర్‌కైతే షట్‌డౌనే సరి. మీ ట్యాబులు తర్వాతి మనిషికెందుకు?

మార్చడానికి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపు 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' నొక్కండి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీకి, ప్లగ్‌కు విడివిడిగా రెండు నిలువు వరసలుంటాయి, రెండూ మార్చాలి. హైబర్నేట్ పేరే లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి powercfg /hibernate on అనే కమాండ్‌తో ఆన్ చేసుకోవాలి. అయ్యాక నోట్‌ప్యాడ్‌లో ఏదో ఒక వాక్యం కొట్టి, సేవ్ చేయకుండా బటన్ నొక్కండి. లైటు ఆరాక గోడ స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి మళ్లీ ఆన్ చేయండి. నోట్‌ప్యాడ్ తెరిచినట్టే ఉండి, ఆ వాక్యం అక్కడే ఉంటే పని అయినట్టే.