లాటిన్ ధాతువులతో ఇంగ్లీషు మాటలు: రెండేళ్లు వాడాక

అయిదుకి మూడున్నర మార్కులు. లాటిన్ ధాతువులు, అంటే మాటల మూలరూపాలు, పట్టుకుని ఇంగ్లీషు మాటలు నేర్చుకునే ఈ పద్ధతి చదివేటప్పుడు బాగా అక్కరకొస్తుంది, మాట్లాడేటప్పుడు అంతగా రాదు. నెల్లూరు, ఒంగోలు కోచింగుల్లో బ్యాంకు పరీక్షలకు కూర్చునేవాళ్లకి మాత్రం రోజుకి 20 మాటలు బట్టీ పట్టడం కన్నా ఇదే నయం.

సూత్రం మనకి కొత్తదేం కాదు. 'హారం' ముందు ఆ, వి, సం చేరితే ఆహారం, విహారం, సంహారం అయినట్టే, విసరడమనే అర్థమున్న 'జెక్ట్' ముందు ఇన్ చేరితే ఇంజెక్ట్, రి చేరితే రిజెక్ట్, ప్రొ చేరితే ప్రొజెక్ట్. లోపలికి, వెనక్కి, ముందుకి.

నోటుబుక్కులో ఒక్కో ధాతువుకి ఒక పేజీ ఇవ్వాలి. పైన ముందే తెలిసిన మాటలు రెండు, కింద కొత్తవి నాలుగుకి మించకూడదు. ఉదాహరణకి 'డక్' పేజీ చూడండి. అర్థం నడిపించడం. తెలిసినవి కండక్టర్, ప్రొడ్యూసర్. కొత్తవి డిడక్ట్, అబ్‌డక్ట్, ఇండ్యూస్, ఆక్విడక్ట్. ఈ చివరిది ఆక్వా చెరువులుండే ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపువాళ్లకి చెప్పక్కర్లేదు: ఆక్వా అంటే నీళ్లే, ఆక్విడక్ట్ నీళ్లని నడిపించే కాలువ. మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు, నెలకి ఒకసారి కింది సగం మూసి చెప్పుకోవాలి. వారానికి 2 ధాతువుల లెక్కన 60 ధాతువులకి 30 వారాలు, 240 కొత్త మాటలు. ఆ పైన వెళ్తే శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ. ఒక్కో ధాతువుకి దొరికే పనికొచ్చే మాటలు తగ్గిపోతాయి.

తెలిసిన మాటలు మన చుట్టూ బోలెడు. చీమకుర్తి గ్రానైట్‌లో ఉన్నది 'గ్రానమ్', అంటే గింజ. రాయి గింజలు గింజలుగా కనిపిస్తుంది కాబట్టి ఇటలీవాళ్లు ఆ పేరు పెట్టారు. గ్రెయిన్, గ్రాన్యూల్ అదే కుటుంబం. కృష్ణపట్నం పోర్టు దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎక్స్‌పోర్ట్‌లోని పోర్ట్ 'పోర్టారే', మోయడం. రేవు అనే పోర్ట్ 'పోర్టస్'. రెండూ దూరపు చుట్టాలే గానీ ఒకే పేజీలో రాస్తే అర్థాలు కలగాపులగమవుతాయి. ఆపర్చునిటీ రేవు పేజీకి చెందింది: గాలి రేవు వైపు వీచడం దాని మూలార్థం.

ఎక్కువమంది వదిలేసేది మూడో నెలలో. కారణం ధాతువు రూపం మారడం. 'ఫ్యాక్' అంటే చేయడం అని నేర్చుకుంటారు, ఫ్యాక్టరీ తెలుస్తుంది, డిఫెక్ట్, ఎఫిషియెంట్ దగ్గర పోల్చుకోలేరు. లాటిన్‌లో ముందు ఉపసర్గ చేరితే లోపలి అచ్చు బలహీనపడి 'అ' కాస్తా 'ఎ', 'ఇ' అవుతుంది. పట్టుకోవడమనే 'క్యాప్' నుంచి వచ్చిన క్యాప్చర్, యాక్సెప్ట్, రెసిపియెంట్ అంతే. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచి మీదుగా వచ్చినవి ఇంకా మారాయి. రిసీవ్ కూడా ఈ కుటుంబమే. అందుకని పేజీ మీద ధాతువు రూపాలన్నీ స్పెల్లింగుతో సహా రాయాలి. చెవికి వినబడినట్టు తెలుగులో రాసుకుంటే ఎఫిషియెంట్‌లో ధాతువు మాయమైపోతుంది.

ఇంకో గొడవ 'ఇన్'. మనకి 'అ' లేదనడానికి, 'ఆ' ఇటువైపుకి; అసాధ్యం, ఆగమనం. దీర్ఘం చూస్తే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రెండు 'ఇన్‌'లకీ స్పెల్లింగు ఒకటే. హైవే మీద పోయే ట్యాంకర్ల వెనక ఇన్‌ఫ్లేమబుల్ అని ఉంటే అంటుకోదని కాదు, భగ్గుమంటుందని. ఇన్ అనగానే కాదు అని రాసేవాళ్లకి ఈ ఒక్క మాట చూపిస్తే చాలు.

గ్రీకు మాటలు కలిసిపోవడం కూడా ఉంది. పెడల్, పెడెస్ట్రియన్‌లో ఉన్నది లాటిన్ పాదం. మన 'పాదం'తో చుట్టరికం ఉన్నదే. నెల్లూరు పొగతోట ఆసుపత్రుల బోర్డుల మీది పీడియాట్రీషియన్‌లో ఉన్నది గ్రీకు 'పిల్లవాడు'. అనుమానమొస్తే ఎటిమాన్‌లైన్ అనే ఉచిత సైటులో పుట్టుక చూడొచ్చు, ఒక్కో మాటకి నిమిషం పట్టదు.

ఉచ్చారణ మాత్రం ధాతువు చెప్పదు. ప్రొడ్యూస్ నామవాచకమైతే నొక్కు మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో అక్షరం మీద. దానికి ఆడియో ఉన్న నిఘంటువు వేరే పెట్టుకోవాల్సిందే.