పొద్దున చల్లటి ఇంజిన్ చూడకుండా బండి కొనకండి, హైదరాబాద్ నాగోల్‌లో నాకు జరిగింది ఇది

నిన్న రాత్రి పాత బండ్లు అమ్మే యాప్ తెరిస్తే, నాకు బండి అంటగట్టిన మనిషే ఇంకో బండి యాడ్ పెట్టి ఉన్నాడు. "ఇంజిన్ స్మూత్, రూపాయి పని లేదు" అంట, నా బండికి రాసిన మాటలే అక్షరం మార్చలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంకెవరైనా డబ్బులు కట్టేలోపు చదవాలని ఇప్పుడే రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

నాది 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 2 లక్షల 65 వేలు. చూడ్డం, కొనడం, ఇంటికి తెచ్చుకోవడం అన్నీ ఒకే ఆదివారం అయిపోయాయి. ఇలాంటి వాళ్ళు ఎలా ఉంటారో మీకూ తెలుసు, ఓనర్‌నే అంటాడు, ఆర్‌సీలో పేరు ఇంకొకరిది, బండి పేరు మార్చే కాగితాలు, ఫారం 29, 30 మీద సంతకాలు ముందే పెట్టించి రెడీగా ఉంచుతాడు. నేను అక్కడే ఆగాల్సింది.

ముందు రోజు ఫోన్‌లో ఒక్కటే అడిగా, "అన్నా, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకు, కోల్డ్ స్టార్ట్ చూసుకుంటా" అని, అంటే చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూడ్డం. "సరే అన్నా, ముట్టుకోను" అన్నాడు. పొద్దున ఎనిమిదింటికి మా బావా నేనూ వెళ్ళాం. బావ బానెట్ మీద చెయ్యి పెట్టి "వేడిగా ఉందేంట్రా" అన్నాడు. అమ్మేవాడు తడుముకోలేదు, "పిల్లోడిని స్కూల్ల దింపి ఇప్పుడే వచ్చిన అన్నా" అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు. నేను తలూపాను. స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది, ఐడిలింగ్ నీట్‌గా ఉంది, ఉప్పల్ వైపు ఒక రౌండ్ కొట్టాం, పికప్ బాగానే ఉంది, డబ్బులన్నీ ట్రాన్స్‌ఫర్ చేసేశా. ఆ రోజు ఆదివారం అన్న సంగతి రాత్రి పడుకున్నాక తట్టింది. ఆదివారం పూట ఏ స్కూల్ ఉంటుంది? లేచి కూర్చున్నా, మళ్ళీ నిద్ర పట్టలేదు.

సోమవారం పొద్దున ఆరింటికి చలిలో స్టార్ట్ చేశా. స్టీరింగ్, సీటు, అద్దం అన్నీ వణుకుతున్నాయి, ఇంజిన్ డుగ్గు డుగ్గుమని మిస్సింగ్ కొడుతోంది, సైలెన్సర్ లోంచి తెల్ల పొగ. రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే సర్దుకుంది, ఇక రోజంతా ఏమీ లేదు. మంగళవారం పొద్దున మళ్ళీ అదే, ఈసారి చెక్ ఇంజిన్ లైట్ మిణుకుమిణుకుమంటోంది. మా వీధి చివరి మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆ మనిషికి దణ్ణం పెట్టాలి, పార్టులు మార్చుకుంటూ పోకుండా వరసగా పట్టుకుంటూ వచ్చాడు.

బండి కంప్యూటర్‌లో లోపాల కోడ్లు చదివే స్కానర్ పెడితే కోడ్ పి0303, అంటే మూడో సిలిండర్ మిస్ ఫైర్, దాంట్లో పెట్రోల్ సరిగ్గా మండట్లేదన్నమాట. అదే స్క్రీన్ మీద ఇంకో లైన్ ఉంది, పాత కోడ్లు చెరిపేశాక బండి ఎంత తిరిగిందో చూపించే లైన్. 53 కిలోమీటర్లు. ఆదివారం వాళ్ళింటి ముందు ఓడోమీటర్ ఫోటో తీసుకుని ఉన్నా కదా, లెక్క చూస్తే అక్కణ్ణుంచి మియాపూర్ మా ఇంటికి, ఆఫీసుకి, గ్యారేజీకి అంతా కలిపి 51. అంటే నేను వచ్చే ముందు 2 కిలోమీటర్లప్పుడు లైట్ ఆర్పేసి, ఇంజిన్ వేడెక్కేదాకా వీధుల్లో తిప్పి, కడిగిన బండిలా పెట్టాడు. అడిగి మరీ వద్దన్న పనే చేశాడు. పిల్లాడి పేరు వాడుకున్నాడు చూడండి, అది నాకు ఎక్కువ బాధగా ఉంది.

భాయ్ మర్నాడు పొద్దున స్టార్ట్ చెయ్యకముందే ఇంటికొచ్చి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) టెంపరేచర్, లోపలికెళ్ళే గాలి టెంపరేచర్ రెండూ స్కానర్‌లో చూశాడు. రాత్రంతా ఆగిన బండికి రెండూ దాదాపు ఒకటే ఉండాలంట, 15, 14 డిగ్రీలు చూపించాయి, కాబట్టి టెంపరేచర్ సెన్సార్ బాగానే ఉంది. ప్లగ్‌కి కరెంటు ఇచ్చే మూడో కాయిల్ తీసి ఒకటో దాంట్లో వేశాడు, మిస్సింగ్ మూడులోనే ఉండిపోయింది, కాయిల్ కాదు. వ్యాక్యూమ్ పైపుల్లో లీక్ లేదు. చివరికి ప్లగ్గులు విప్పి నా చేతిలో పెట్టాడు. మూడు ప్లగ్గులు గోధుమ రంగులో ఉన్నాయి, మూడో సిలిండర్‌ది మాత్రం తోమిన గిన్నెలా తెల్లగా ఉంది. కూలెంట్ లోపలికి దిగి ఆవిరై దాన్ని కడుగుతోందన్నమాట. ఆదివారం మ్యాక్స్ గీత దగ్గరున్న కూలెంట్ అప్పటికి మిన్ కిందికి పోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ పైనుండే హెడ్‌కీ మధ్య సందు రాకుండా మూసే పలచటి సీల్. రాత్రి బండి ఆగాక ఆ సందులోంచి కూలెంట్ చుక్క చుక్కగా సిలిండర్‌లోకి కారుతుంది, పొద్దున తడికి ప్లగ్ కొట్టదు, ఆ తడి కాలిపోయి, లోహం వేడికి వ్యాకోచించి సందు మూసుకున్నాక అంతా మామూలే. అందుకే వేడి ఇంజిన్ చూపించాడు.

అమ్మినవాడికి ఫోన్ చేశా. "సెకండ్ హ్యాండ్ బండి కొని షోరూం బండి లెక్క నడవాలంటే ఎట్ల? చలికి మనుషులే వణుకుతరు, బండి వణకదా" అని పెట్టేశాడు, తర్వాత బ్లాక్. హెడ్ విప్పడం, లేత్‌లో ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చెయ్యడం), గ్యాస్కెట్, కూలెంట్, లేబర్ కలిపి 28 వేలు చెప్పారు. మా ఆవిడ దాచుకున్న డబ్బు లోంచే తియ్యాలి, ఆ మాట తనతో ఎలా చెప్పానో నాకే తెలుసు.

బండి చూడ్డానికి వెళ్తే బానెట్ వేడిగా ఉంటే వెనక్కి వచ్చెయ్యండి, ఇంకో రోజు చెప్పకుండా వెళ్ళండి. వెయ్యి లోపు దొరికే చిన్న ఓబీడీ స్కానర్ పట్టుకెళ్ళండి, కోడ్లు చెరిపాక తిరిగిన దూరం చాలా బండ్లలో కనిపిస్తుంది. పొద్దున వణికే ప్రతి బండికీ హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు కాదు, ప్లగ్గో సెన్సారో అయితే తక్కువలో పోతుంది, కానీ కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ వస్తే మాత్రం వదిలెయ్యండి. ఈ వారం నాగోల్ వైపు బండి చూడ్డానికి వెళ్తున్న వాళ్ళుంటే నాకు మెసేజ్ పెట్టండి, ఓడోమీటర్ ఫోటో, స్కానర్ ఫోటో రెండూ పంపిస్తా.