ఖాళీ కడుపుతో బరోలో తాగకండి

ఇటలీలోని పియడ్మాంట్‌కి వైన్ కోసం వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆల్బా అనే పట్నంలో దిగి, పొద్దున టూర్ వ్యాన్ ఎక్కి, వరసగా వైనరీలు చుట్టేసి సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. అక్కడి బరోలో అనే ఎర్ర వైన్ విషయంలో అది డబ్బు దండగని నా అభిప్రాయం. మేమూ ఒక పూట అలాగే వెళ్ళాం. పేరున్న ఒక వైనరీలో గైడ్ గబగబా చెప్పేసి, గ్లాసులు పోసేసి, అమ్మకాల గదిలోకి తోలేశాడు. నంజుకోవడానికి ఎండు బ్రెడ్ పుల్లలే పెట్టారు. పక్కనున్నవాళ్ళంతా మొహం చిట్లించారు. వాళ్ళ తప్పేం లేదు.

బరోలో పూర్తిగా నెబియోలో ద్రాక్షతోనే చేస్తారు. గ్లాసులో చూస్తే రంగు పల్చగా, అంచు ఇటుక ఛాయలో ఉంటుంది. వాసన గులాబీలు, చెర్రీ, కాస్త తారు. ఇంత సుకుమారంగా ఉందే అనుకుని గుక్క వేస్తే, నేరేడుపళ్ళు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది. ఆ వగరు టానిన్లది, అంటే ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వచ్చే పదార్థాలది. దానికి తోడు పులుపు కూడా గట్టిదే. అందుకే కనీసం 38 నెలలు, అందులో 18 చెక్క పీపాల్లో నిలవ ఉంచాకే అమ్మాలని చట్టం. ఇంకా ఎక్కువకాలం నిలవ ఉంచే రిజర్వా రకమైతే 62 నెలలు.

ఆ వగరుని విరిచేవి మాంసకృత్తులు, కొవ్వు. ఈ సంగతి మాకు లా మోర్రా అనే ఊళ్ళో రాత్రి భోజనం దగ్గర తెలిసింది. బోలెడు పచ్చసొనలతో కలిపి, సన్నగా కోసిన తాయరిన్ పాస్తా వెన్నలో వేసి తెచ్చారు. తర్వాత వైన్‌లోనే గంటల తరబడి ఉడికించిన గొడ్డుమాంసం, బ్రసాటో. పొద్దున అందరి మొహాలూ చిట్లించేలా చేసిన అదే వైన్ ఇప్పుడు మెత్తబడింది, గులాబీ వాసన పైకి తేలింది. కాస్టెల్మాన్యో జున్నుతో అయితే మరీ బాగుంది. మాంసం వద్దనుకుంటే ఆ జున్ను వేసిన న్యోకి (బంగాళదుంప ఉండలు) అడగండి. అన్యొలొట్టి దెల్ ప్లిన్ అనే చిన్న పొట్లాల పాస్తా చూడ్డానికి అమాయకంగా ఉంటుంది కానీ లోపల సాధారణంగా మాంసమే.

బసకి నా ఓటు లా మోర్రాకే. కొండ మీది ఊరు, కింద తోటలన్నీ కనిపిస్తాయి, తాగి కారు నడపాల్సిన పని ఉండదు. ఇటలీలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకి 0.5 గ్రాములు, కొత్త డ్రైవర్లకైతే సున్నా. బరోలో ఊరు చిన్నది, పగలు చూడ్డానికి చాలు. అక్కడి కోటలో వైన్ మ్యూజియంతో పాటు ఎనోటెకా రెజొనాలే, అంటే ఆ ప్రాంతపు వైన్ల కేంద్రం, కూడా ఉంది. రకరకాల ఉత్పత్తిదారుల వైన్లు అక్కడ ఒక్కచోటే కొద్దికొద్దిగా రుచి చూడొచ్చు. లా మోర్రా వైపు తోటల వైన్, సెర్రలుంగ అనే మరో ఊరి వైపుది పక్కపక్కన పెట్టించుకోండి. మొదటిది కాస్త మెత్తన, రెండోది మొండిఘటం. మట్టిలో తేడా అది. కారు లేకపోతే మాత్రం ఆల్బాయే నయం. టురిన్ నుంచి రైలుంది. కొండల పైకి బస్సులు తక్కువ, ఆదివారం నమ్ముకుంటే టెన్షనే.

అక్టోబరు, నవంబరుల్లో తెల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు లాంటిది) సంత వల్ల గదుల ధరలు మండిపోతాయి. ట్రఫుల్ పిచ్చి లేకపోతే మే నెల హాయి. వైనరీలకి ముందే మెయిల్ చేసి వేళ ఖాయం చేసుకోండి. మధ్యాహ్నం భోజనానికి చాలావరకు మూసేస్తారు. హోటల్ బిల్లులో కోపెర్తో అని కనిపిస్తే కంగారు పడకండి, అది కూర్చున్నందుకు వేసే చార్జీ.

ఇండియాకి తెచ్చుకోవాలంటే మనిషికి రెండు లీటర్ల వరకు సుంకం లేదు. తెచ్చాక ఆవకాయ, గోంగూర మటన్ పక్కన మాత్రం తెరవకండి. కారానికి టానిన్, ఆల్కహాల్ తోడైతే నోరు ఇంకా మండుతుంది. మిరియాలు కూడా పొదుపుగా వేసి, నెమ్మదిగా ఉడికించిన మటన్ అయితే నడుస్తుంది.