కోరింగ మడ అడవిలో చెక్కవంతెన, పడవ ప్రయాణం: పక్షుల మేత చూడదలచినవారికి

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న కోరింగ వన్యప్రాణి అభయారణ్యానికి గత రెండు శీతాకాలాల్లో నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ ఒకే పని మీద వెళ్లాను: బురదలోనూ నీటి అంచునా నడుస్తూ మేత వెతుక్కునే పక్షులు ఏది ఎలా తింటుందో నింపాదిగా చూడాలని. మడ చెట్ల నడుమ వేసిన చెక్కవంతెన, అక్కడి నుంచి పాయల్లోకి తీసుకువెళ్లే పడవ ఆ పనికి ఎంతవరకు అక్కరకు వస్తాయో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ గోదావరి ముఖద్వారపు అడవి 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. సందర్శకుడు చూడగలిగేది అందులో చాలా చిన్న భాగమే అయినా, వేళ తెలిసి వెళ్తే ఆ భాగమే చాలు.

వేళ అంటే ఉదయమా సాయంత్రమా అన్నది కాదు, పోటా (సముద్రపు నీరు ఎక్కే వేళా) పాటా (నీరు తీసే వేళా) అన్నది. ఈ సంగతి నాకు మొదటిసారి వెళ్లినప్పుడు తెలియదు. పక్షులను చూపిస్తామన్న ఒక ప్రైవేటు యాత్రా నిర్వాహకుడితో వెళ్లాను, పేరు చెప్పడం అనవసరం. మేము చేరేసరికి పోటు నిండుగా ఉంది. బురద మేటలన్నీ నీళ్ల కింద ఉన్నాయి. వింబ్రెల్ అనే వంపు ముక్కు పక్షులు మడ కొమ్మల మీద ముక్కులు రెక్కల్లో దూర్చుకుని నిద్రపోతున్నాయి. నిర్వాహకుడు వాటిని చూపించి, మధ్యాహ్నం కదా, పక్షులు విశ్రాంతి తీసుకుంటున్నాయని చెప్పాడు. అది సరికాదు. వాటి దినచర్య సూర్యుడి కంటే ఎక్కువగా సముద్రాన్ని అనుసరిస్తుంది. రోజుకు రెండుసార్లు నీరు తీసినప్పుడు బురద బయటపడుతుంది, అవి దిగుతాయి. వెన్నెల రాత్రి అయినా, చీకటి రాత్రి అయినా సరే మేస్తాయి. పోటు వేళ ప్రతిరోజూ ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్న పక్షులు కనిపించిన గంటకే ఇవాళ వెళ్తే సరిపోదు. తిరిగివస్తుండగా పడవ నడిపిన పెద్దాయన, "పాటు తీసేటప్పుడు రండి బాబూ, పిట్టలన్నీ బురద మీదే ఉంటాయండి" అన్నాడు. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన ఉపయోగకరమైన మాట అదే.

చెక్కవంతెన గురించి ముందుగా చెబుతాను. చాలామంది దాని మీద ఫొటోలు దిగుతూ పావుగంటలో దాటేస్తారు. నా ఉద్దేశంలో అది నడవడానికి కాదు, నిలబడడానికి. కింద మడ చెట్ల ఊపిరి వేళ్లు మేకుల్లా బురదలోంచి పైకి లేచి ఉంటాయి. వాటి మధ్య ఒక డెక్క పెద్దగా, ఒకటి చిన్నగా ఉండే మగ పీతలు, మడ్‌స్కిప్పర్ అనే గెంతే చేపలు తిరుగుతుంటాయి. పది నిమిషాలు కదలకుండా నిలబడితే అవి బొరియల్లోంచి బయటికి వస్తాయి. వాటి కోసం గుడ్డికొంగ వస్తుంది. మన తెలుగులో దాన్ని గుడ్డిది అన్నారు గానీ, మనిషి దగ్గరికి వచ్చేదాకా కదలకపోవడం దాని ఎత్తుగడ. మట్టిరంగు వీపుతో బురదలో కలిసిపోయి, ఎగిరినప్పుడు తెల్లటి రెక్కలు విప్పితే తప్ప అక్కడ ఉందని మనకే తెలియదు. కొంగజపం అన్న మాటకు అర్థం దీన్ని చూస్తే బోధపడుతుంది. మెడను భుజాల్లోకి లాక్కుని చాలాసేపు అలాగే నిలబడిన పక్షి, ఒక్క విసురుతో పీతను అందుకోవడం వంతెన మీద నుంచి అయిదారు గజాల దూరంలో చూశాను. బూడిదరంగులో ఆకుపచ్చ ఛాయ కలిసిన స్ట్రయేటెడ్ హెరాన్ అనే కొంగ మరీ పిరికిది. వాలిన కొమ్మల కింద, దాదాపు నీటిని తాకుతూ ముడుచుకుని కూర్చుంటుంది. దాన్ని చూడాలంటే వంతెనే మేలు. పడవ శబ్దానికి అది నిలవదు.

అయితే అసలు విందు పడవ మీద నుంచే. పాటు సగం తీసిన తరువాత పాయల అంచుల్లో బురద మేటలు తేలుతాయి, నీరు వెనక్కి జరిగే కొద్దీ పక్షులు దాని వెంటే నడుస్తాయి. ఇక్కడ ఒక్కో ముక్కు ఒక్కో లోతుకు. ఇసుక ప్లవర్ అనే చిన్న పక్షి ముక్కు పొట్టిది, కళ్లు పెద్దవి. అది నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, చూసి, పొడిచి, మళ్లీ పరుగెత్తుతుంది. దానిది పూర్తిగా చూపు మీద నడిచే వేట. ఉల్లంకుల (ఇంగ్లీషులో శాండ్‌పైపర్ల) కుటుంబానిది ఎక్కువగా స్పర్శ మీద నడిచే వేట: ముక్కు కొనలోని సూక్ష్మమైన గుంతల్లో ఒత్తిడిని పసిగట్టే నాడులుంటాయి, అందుకే బురద లోపల కనబడని పురుగును కూడా అవి పట్టుకుంటాయి. ఎర్రకాళ్ల ఉల్లంకి రెండు రకాలూ చేస్తుంది. వీటన్నింటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కర్లూ. కొడవలిలా కిందికి వంగిన దాని ముక్కు ఆడపక్షిలో మరీ పొడవు. ఆ వంపు పీత బొరియ వంపులోకి సరిగ్గా దిగుతుంది. తల పక్కకు తిప్పి, దాదాపు కళ్ల దాకా ముక్కును బురదలోకి దించి, పీతను లాగి, అటూ ఇటూ విదిలించి కాళ్లు ఊడగొట్టి, అప్పుడు మింగింది. ఒకే పక్షి ఇలా మూడుసార్లు చేయడం నేను చూశాను. మూడోసారి పీత జారిపోయి మళ్లీ బొరియలో దూరింది. పొడవాటి ముక్కు మొత్తం తెరవకుండా కొనను మాత్రమే తెరవగలగడం ఈ పక్షులకు ఉన్న గొప్ప సౌకర్యం, లేకపోతే బురద బిగువులో నోరు విప్పడమే కష్టం.

లోతు తక్కువ నీటిలో దృశ్యం వేరు. తెడ్డుమూతి కొంగలు వరుసగా నడుస్తూ, కొద్దిగా తెరిచిన ముక్కులను కొడవలితో కోత కోస్తున్నట్టు ఎడమకూ కుడికీ ఊపుతాయి. చేపో రొయ్యో తగిలిన క్షణంలో ముక్కు మూసుకుంటుంది. చిన్న తెల్లకొంగ మాత్రం గుడ్డికొంగకు పూర్తిగా వ్యతిరేకం. నల్లటి కాళ్లకు చివర ఉన్న పసుపు పాదాన్ని నీటిలో వణికించి, దాక్కున్న చేపపిల్లలను లేపి, వెంటబడి పరుగెత్తి పొడుస్తుంది. ఈ తేడాను ఒకేచోట, ఒకే అరగంటలో చూపించగల ప్రదేశం మన తీరంలో ఇంకొకటి నాకు తారసపడలేదు.

లోటు ఒక్కటి చెప్పాలి. మూడోసారి వెళ్లినప్పుడు ఒక విహార బృందం పాటలు పెద్దగా పెట్టుకుని మేటకు బాగా దగ్గరగా పడవను పోనిచ్చింది, వందలాది చిన్న ఉల్లంకులు ఒక్కసారిగా లేచిపోయాయి. నాకు చాలా బాధ కలిగింది. వాటిలో చాలా భాగం సైబీరియా వైపు నుంచి వచ్చి, వేసవి ముందు మళ్లీ అంత దూరమూ ఎగరవలసినవి. దానికి కావలసిన కొవ్వును ఈ బురదలోనే కూడబెట్టుకోవాలి. నీరు తీసి ఉండే కొద్ది గంటల్లో ఇలా ఎగిరిన ప్రతిసారీ మేత వేళ పోతుంది, శక్తీ పోతుంది.

వెళ్లేవారు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, అమావాస్యకో పౌర్ణమికో దగ్గరి రోజు ఎంచుకోండి. ఆ రోజుల్లో నీరు ఎక్కువగా తీస్తుంది, మేటలు విశాలంగా బయటపడతాయి. కాకినాడ పోటు వేళల పట్టిక ముందే చూసుకుని, నీరు సగం తీసేసరికి పడవలో ఉండండి. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే బైనాక్యులర్ సరిపోతుంది, అంతకు మించినది పడవ ఊపులో నిలవదు. పడవ ఎక్కేముందే సరంగుతో ఒక మాట చెప్పండి: మేట దూరంగా కనబడగానే ఇంజను ఆపి, పడవను నీటి వాలుకు వదిలేయమని. నాలుగోసారి మా సరంగు అలాగే చేశాడు, కర్లూ తల ఎత్తి మమ్మల్ని ఒకసారి చూసి, మళ్లీ ముక్కును బొరియలోకి దించింది.