తొగాషి కోసం షింజుకులో మూడు రోజులు

టోక్యోలో గుళ్లూ టవర్లూ అన్నీ పక్కన పెట్టి మూడు రోజులూ అక్కడి షింజుకు పేట చుట్టుపక్కలే తిరిగాను. జపాన్ జాజ్ డ్రమ్మర్ మసహికో తొగాషి వాయించిన ఊరు చూడాలని ఎన్నాళ్లుగానో ఉంది.

డ్రమ్స్‌లో సగం పని కాళ్లదే. కుడికాలు పెద్ద బాస్ డ్రమ్ పెడల్ మీద, ఎడమకాలు హైహ్యాట్ అనే తాళాల జంట పెడల్ మీద ఉంటాయి. 1940లో టోక్యోలో పుట్టిన తొగాషి కుర్రవాడిగానే సాక్సోఫోన్ విద్వాంసుడు సదావో వతనబే వంటి పెద్దల బృందాల్లో వాయించి, 1960ల్లో జపాన్‌లో ఫ్రీ జాజ్‌కి, అంటే ముందే కట్టిన వరసలకీ లయకీ కట్టుబడని జాజ్‌కి, దారి వేసినవారిలో ఒకరయ్యారు. ముప్పై ఏళ్లకే, 1970లో, కత్తిపోటుతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆయన వాయించడం మానలేదు. చేతులకు అందేలా వాద్యాలను చుట్టూ అమర్చుకుని వాయింపునే కొత్తగా కట్టుకున్నారు. ఆ తర్వాతి రికార్డుల్లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండే నిశ్శబ్దం నాకు ప్రాణం. 2007లో పోయారు.

షింజుకు పిట్ ఇన్ అనే జాజ్ క్లబ్ 1965లో మొదలైంది. ఇప్పుడున్న నేలమాళిగకి మారింది 1992లో. మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు ఆటలుంటాయి. మధ్యాహ్నం టికెట్ బాగా చవక, ఎక్కువగా కొత్తవాళ్లు వాయిస్తారు. డబ్బు చూసుకునేవాళ్లకి అది చాలు, కానీ ఒక్క సాయంత్రమైనా వదులుకోకండి. కుర్చీలన్నీ వేదికవైపే, పక్కవాళ్ల మాటల గోల లేదు. నేను ఆటంతా డ్రమ్మర్ పాదాలనే చూస్తూ కూర్చున్నాను.

యోత్సుయా పేటలోని ఈగిల్ ఒక జాజ్ కిస్సా, అంటే జాజ్ రికార్డులు వినిపించే కాఫీ దుకాణం. పగలు మాట్లాడకూడదు. కబుర్లు చెప్పుకోవాలంటే యాసుకుని వీధిలోని డగ్ అనే జాజ్ కాఫీ బార్ మేలు. వినడానికైతే నా ఓటు ఈగిల్‌కే. ఒక్క కాఫీతో చాలాసేపు కూర్చున్నా ఎవరూ కదిలించలేదు.

బస విషయంలోనే పొరపాటు చేశాను. చవకని దూరంగా ఒక బిజినెస్ హోటల్ తీసుకున్నాను. పెట్టె తెరిస్తే కాలు పెట్టడానికి చోటు లేదు. అదైనా సర్దుకోవచ్చు, కానీ అర్ధరాత్రి దాటాక రైళ్లుండవు. మొదటి రాత్రే ఆఖరి బండి పోయింది. టాక్సీకి ఇచ్చిన డబ్బుతో షింజుకు-సాన్‌చోమె స్టేషన్ దగ్గరే గది దొరికేది. మీరు అక్కడే బస చేయండి, పిట్ ఇన్ నుంచి నడిచి వచ్చేయొచ్చు. శాకాహారులకి రాత్రిపూట కన్వీనియన్స్ స్టోర్లో ఉమెబోషి అనే పుల్లటి ఊరగాయ పండు పెట్టిన అన్నం ముద్ద దొరుకుతుంది. పులుపు మనకి కొత్త కాదు.

చివరి రోజు డిస్క్ యూనియన్ వాళ్ల జాజ్ రికార్డుల దుకాణానికి వెళ్లాను. పాత రికార్డుల మీద వాటి స్థితిని చీటీ మీద రాసి అంటిస్తారు, దాన్ని నమ్మొచ్చు. 1979లో అమెరికన్ జాజ్ కళాకారులు డాన్ చెర్రీ (ట్రంపెట్), చార్లీ హేడెన్‌ (బాస్)లతో తొగాషి పారిస్‌లో చేసిన రికార్డు అక్కడే దొరికింది. పెట్టెలో వేయడానికి మనసొప్పక హైదరాబాద్ దాకా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను.