పరదేశి, ఆడుజీవితం: ముందు ఏది చూడాలి?

రెండూ వెట్టిచాకిరీ మీద వచ్చిన సినిమాలే. విమర్శకుల మాట మాత్రం ఒకటి కాదు.

నిడివి: బాలా తీసిన తమిళ ‘పరదేశి’ (2013) సుమారు రెండు గంటలు. బ్లెస్సీ తీసిన మలయాళ ‘ఆడుజీవితం’ (2024) దాదాపు మూడు గంటలు. సాగదీశారని కొందరి ఫిర్యాదు.

నటన: ఆడుజీవితంలో చిక్కి శల్యమైన పృథ్వీరాజ్‌కు నీరాజనాలు. పరదేశి హీరో అధర్వకూ మంచి పేరే.

మెప్పు, తిట్టు: తేయాకు తోటలో బాకీ తీరనివ్వకుండా కూలీలను కట్టిపడేసే తీరును బాలా కళ్లకు కట్టాడన్నారు. కూలీలను మతం మార్చే మిషనరీ డాక్టరు పాట మాత్రం కొందరికి మింగుడుపడలేదు. నాకూ అంతే.

టెన్షన్: ఆడుజీవితంలో, గల్ఫ్ ఎడారిలో చిక్కుకున్న హీరో బయటపడతాడన్న ఆశ ఉంటుంది. పరదేశిలో అదీ లేదు.

ఇంట్లో ఎవరైనా గల్ఫ్ వెళ్లొచ్చి ఉంటే ఆడుజీవితం, వాళ్లు సరేనంటేనే. అప్పుతో మనిషిని ఎలా బంధిస్తారో తెలియాలంటే పరదేశి, పిల్లలు పడుకున్నాక.